పాత మంచం పారేయకండి... రంగు మీరే వేసుకోండి

దాళ్వా కోతలై, ధాన్యం బస్తాలు గుమ్మం దాటేసరికి ఊళ్లోకి ఒక బండి వస్తుంది. ‘పాత మంచాలు కొంటాం, పాత బీరువాలు కొంటాం’ అని వీధి వీధీ తిరుగుతుంది. అరుగు మీద మూలన పడి ఉన్న తాతగారి పట్టె మంచం మనకి అప్పుడు గుర్తొస్తుంది. రంగు పెచ్చులూడి, కోళ్లు వదులై, ఎండా వానా తిన్న మంచం. ‘ఏం పోద్దిలే, అడ్డం తప్పుద్ది’ అనుకుని రెండు ప్లాస్టిక్ కుర్చీలకి ఇచ్చేస్తాం. బండివాడు బేరం ఎక్కువ ఆడడు. ఎందుకాడడో ఆలోచించారా?

మంచాన్ని బోర్లించి, రంగు తగలని చోట పట్టె అడుగున మేకు మొనతో కాస్త గీకి చూడండి. లోపల బంగారు రంగులో, నూనె జిడ్డుతో, సన్నటి గీతలతో కర్ర కనిపిస్తే అది టేకు. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల్లో కొట్టిన దుంగలు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రి దింపేవారు. డెల్టాలో పాత మండువా లోగిళ్ల స్తంభాలు, ద్వారబంధాలు, పందిరి మంచాలు, ఉయ్యాల బల్లలు చాలావరకు అలా వచ్చిన కర్రే. అలాంటి కర్ర ఈ రోజు కొనాలంటే చిన్న రైతు తరం కాదు.

ఇంకో పక్క చూడండి. కూతురి సారెకి అప్పు చేసి, వాయిదాల మీద కొత్త మంచం కొంటున్నాం. పైన అద్దంలా మెరిసే ఆ మంచాల్లో చాలావాటి లోపల ఉండేది రంపపు పొట్టుని జిగురుతో కలిపి అచ్చు పోసిన చెక్క. ఒక్క తుపాను జల్లు తగిలితే అటుకుల్లా ఉబ్బిపోతుంది. వాయిదాలు తీరకముందే మంచం తీరిపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. ఇంట్లో ఉన్న పాత కర్రని బిగించి, రంగు వేసుకుంటే అయ్యే ఖర్చు అందులో చిన్న వాటా. రెండు మూడు రోజుల పని. పెయింటరు కూడా అక్కర్లేదు, ఇంట్లో ఆడా మగా కలిసి చేసుకోవచ్చు. అయితే వరుస తప్పకూడదు, కొన్ని జాగ్రత్తలు మరవకూడదు.

ఏ కర్రకి రంగు, ఏ కర్రకి నూనె

అన్ని కర్రలకీ రంగు వేయక్కర్లేదు. టేకు, జిట్రేగి లాంటి మంచి చారల కర్రని ఎనామిల్ రంగుతో మూసేస్తే దాని అందమూ, అమ్మితే వచ్చే ధరా రెండూ పోతాయి. దానికి కాచిన అవిసె గింజల నూనె, టర్పెంటు సమపాళ్లలో కలిపి గుడ్డతో పట్టిస్తే చాలు. కర్ర తాగినంత తాగాక పైన మిగిలిన నూనె తుడిచేయాలి. రోజు విడిచి రోజు మూడుసార్లు పట్టిస్తే కర్ర మళ్లీ కళ తెచ్చుకుంటుంది.

మామిడి, వేప, తుమ్మ కర్రలకీ, అతుకులూ మాట్లూ పడిన సామానుకీ రంగే మేలు. రంగు వాటి మచ్చలు కప్పుతుంది, తేమ త్వరగా లోపలికి పోనివ్వదు.

నూనె పట్టించేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల గీయక్కర్లేదు. తాటాకిల్లు, గడ్డిమేటు పక్కనుంటే ఇక చెప్పేదేముంది. ఆ గుడ్డల్ని నీళ్లలో తడిపి, విప్పి ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

ఎప్పుడు వేయాలి

గోదావరి డెల్టాలో రంగు పనికి అదను ఉంది. విత్తనానికి అదను ఎంతో దీనికీ అంతే. సంక్రాంతి దాటి మంచు తగ్గిన దగ్గర్నుంచి తొలకరి దాకా మంచి రోజులు. అందులోనూ ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక, దాళ్వా పని తీరినప్పుడు చేతులూ ఖాళీ, గాలీ పొడి.

ఈ సంగతి నాకు చెడగొట్టుకుంటే గానీ తెలియలేదు. మా నాన్న మంచానికి ఆషాఢమాసంలో, రెండు వానల మధ్య తెరిపి చూసి రంగు వేశాను. పైకి ఆరినట్టే ఉంది. వినాయక చవితి నాటికి పట్టె పొడుగునా బుడగలు లేచాయి. గోరు పెడితే అరటి తొక్కలా ఊడొచ్చింది. కర్రలో చెమ్మ ఉండగా పైన రంగు మూత వేస్తే ఆ చెమ్మ రంగుని నెట్టేస్తుంది. డబ్బా రంగూ పోయింది, మూడు రోజుల పనీ పోయింది.

అలాగని మిట్టమధ్యాహ్నం ఎండలోనూ వేయకూడదు. రోహిణి కార్తె ఎండలో పై పొర చటుక్కున ఆరి ముడతలు పడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పొద్దున్న మంచు ఆరాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య మొదలుపెట్టి, నీడన వేయండి. సాయంత్రం నాలుగు దాటాక బ్రష్ పట్టొద్దు. రాత్రి మంచు పడితే మెరుపు చచ్చి బూడిద పూసినట్టు కనిపిస్తుంది. వడ్లు తూర్పారబట్టే రోజు కూడా వద్దు, దుమ్మంతా రంగు మీదే కూర్చుంటుంది.

వరదలో నానిన సామాను

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను, 2022 జూలై వరద... లంక గ్రామాల వాళ్లకి, కోనసీమ వాళ్లకి ఇవి చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక బురదలో తేలిన మంచాల్ని, బల్లల్ని చూసి ఇక పనికిరావని కొట్టి పొయ్యిలో పెట్టుకున్నవాళ్లున్నారు. నిఖార్సయిన కర్ర అయితే తొందరపడొద్దు.

బురద ఎండకముందే మంచినీళ్లతో కడగండి. సొరుగులు, తలుపులు ఊడదీసి విడివిడిగా పెట్టండి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది, మెలి తిరుగుతుంది. కింద ఇటుకలు పెట్టి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. కొన్ని వారాలు పడుతుంది. ఆరిందో లేదో చూడటానికి పరికరం ఏదీ అక్కర్లేదు. జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కని చుట్టూ అంటు టేపుతో కర్రకి అతికించి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున్న కవరు లోపల చెమట పడితే ఇంకా చెమ్మ ఉన్నట్టే. పొడిగా ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఉబ్బిన పొట్టు చెక్క మాత్రం మళ్లీ కూడుకోదు. దాని మీద రంగు ఖర్చు దండగ.

పాత రంగులో విషం ఉంది

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం కలిపేవారు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు రంగు వేసిన మంచం, ఉయ్యాల, తలుపు దేన్లోనైనా సీసం ఉండొచ్చనే అనుకోవాలి.

సీసం ఒంట్లో చేరితే పెద్దవాళ్లకీ చెరుపే. పసిపిల్లలకైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. చదువు మందగిస్తుంది. పిల్లలకి ఇంత వరకు ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం చేసేదేమిటి? అరుగు మీద కూర్చుని పొడి ఉప్పు కాగితంతో బరబరా రుద్దుతాం. ఆ పొడి గాలిలో లేచి, నేల మీద పడి, పాకే పిల్లవాడి చేతికంటి నోట్లోకి పోతుంది.

అందుకని పాత రంగుని పొడిగా గీకొద్దు, పొడిగా రుద్దొద్దు. మంట పెట్టి కాల్చనే కాల్చొద్దు, ఆ పొగ ఇంకా చెరుపు. రంగు గట్టిగా పట్టి ఉంటే మొత్తం తీయాల్సిన పనే లేదు. నీళ్లలో తడిపి వాడే వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, తడి గుడ్డతో తుడిస్తే కొత్త రంగు పట్టుకుంటుంది. పెచ్చులు లేచిన చోట మాత్రం తడి చేసుకుంటూ గీకండి. కింద పాత పరదా పట్టా పరుచుకోండి. దుకాణంలో దొరికే ఎన్‌-95 మాస్కు పెట్టుకోండి, తువాలు కట్టుకుంటే చాలదు. పని జరిగే చోటికి పిల్లల్ని, గర్భిణుల్ని రానివ్వొద్దు. పనయ్యాక బట్టలు విడిగా ఉతికి, చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముందు కూర్చోండి.

పశువుల సంగతి కూడా మరవొద్దు. దూడలు రంగు పెచ్చుల్ని, రంగు డబ్బాల్ని నాకుతాయి. సీసం పడిన పశువుకి చూపు మందగిస్తుంది, పళ్లు కొరుకుతుంది, గోడకి తల ఆనించి నిలబడుతుంది, చచ్చిపోనూ వచ్చు. గీకిన పెచ్చుల్ని పశువుల పాక దగ్గర, గడ్డిమేటు దగ్గర పోయకండి. పెంటకుప్పలో వేస్తే రేపు ఎరువుతో పాటు పొలంలోకి పోతాయి. పట్టాతో సహా చుట్టి, కవర్లో మూటకట్టి, విడిగా పెట్టి, పంచాయతీ చెత్త బండికి ఫలానాదని చెప్పి ఇవ్వండి. పాత రంగు ఉన్న చెక్క ముక్కల్ని పొయ్యిలో, నీళ్ల కాగు కింద పెట్టకండి.

పుప్పికి పొలం మందు కొట్టొద్దు

మంచం కింద పిండి రాలుతుంటే పుప్పి పట్టిందన్నమాట. చాలామంది వరికి కొట్టగా మిగిలిన మందు తెచ్చి కర్రకి పూసేస్తున్నారు. ఇది ప్రాణాంతకం. పొలంలో మందు కొట్టి మనం ఇంటికొచ్చేస్తాం. మంచానికి పూసిన మందు మీద రాత్రంతా ముక్కు ఆనించి పడుకుంటాం. 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్, 2013 నుంచి వాడకం నిషేధించిన లిండేన్ పాత సీసాలు ఇంకా ఎవరి అటక మీదైనా ఉంటే వాటి జోలికే పోవద్దు.

దానికి బోరిక్ పౌడరు, వెలిగారం మేలు. లీటరు వేడినీళ్లలో సుమారు 30 గ్రాముల బోరిక్ ఆమ్లం, 45 గ్రాముల వెలిగారం కరిగించండి. రంగు లేని కర్ర మీద, చిల్లుల్లోకి పోయేలా రెండు మూడుసార్లు పట్టించి పూర్తిగా ఆరనివ్వండి. రంగు ఉన్న కర్రలోకి ఇది దిగదు కాబట్టి మంచం అడుగువైపు, చీలికల్లో, రంగు పోయిన చోట్ల పట్టించాలి. ఇది నీటికి కరిగిపోయే మందు, అందుకే పైన రంగు గానీ నూనె గానీ తప్పనిసరి. ఇదీ నోట్లోకి పోకూడనిదే. పిల్లలకి అందనివ్వొద్దు, చేతికి తొడుగు వేసుకోండి. వేలు పెడితే దిగిపోయేంత పుచ్చిన పట్టె అయితే వడ్రంగి చేత మార్పించడమే దారి.

ఏ సామాను ఎంత కావాలి

కొలిచి కొంటే డబ్బు మిగులుతుంది. నవారు మంచానికి పట్టెలు, కోళ్లు, తలవైపు బల్ల అన్నీ కలిపి సుమారు 30 చదరపు అడుగులు ఉంటుంది. లీటరు ఎనామిల్ ఒక కోటింగుకి సుమారు 100 నుంచి 130 చదరపు అడుగులు వస్తుంది. అంటే రెండు కోటింగులకీ అర లీటరు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కర్రకి వేసే ప్రైమరు పావు లీటరు నుంచి అర లీటరు చాలు. ఉప్పు కాగితాలు 80 నంబరు ఒకటి, 120 రెండు, వాటర్ పేపరు 220 రెండు, చిన్న డబ్బా లప్పం, సీసాడు టర్పెంటు, రెండంగుళాల బ్రష్ ఒకటి, అంగుళం బ్రష్ ఒకటి తెచ్చుకోండి.

మూత తీసిన రంగు ఎక్కువ కాలం నిలవదు, మీగడ కడుతుంది. అందుకని ఇరుగు పొరుగు రెండు మూడిళ్లు కలిసి ఒకే రోజు పెట్టుకుని పెద్ద డబ్బా కొంటే అందరికీ కలిసొస్తుంది. నాట్లకి చేతి సాయం చేసుకుంటాం కదా, ఇదీ అంతే. కొనేటప్పుడు డబ్బా మీద సీసం గురించి రాసింది, తయారైన తేదీ చూసి తీసుకోండి. విడిగా కొలిచి పోసే రంగు కొనొద్దు.

పని వరుస

బిగింపు: నవారు విప్పండి. వదులైన కోళ్లని జిగురు పెట్టి, చీలల్తో బిగించండి. తాళ్లరేవు వైపు పడవలు కట్టే చోటికి వెళ్లి చూడండి. చెక్కల సందుల్లో దూది కూరి బిగించాకే పూత మాట ఎత్తుతారు. మంచానికీ అదే సూత్రం. ఊగే మంచానికి వేసిన రంగు అతుకు దగ్గరే మొదట పగులుతుంది.

కడుగు: ఏళ్ల తరబడి పట్టిన తలనూనె జిడ్డు, పొగ మసి ఉంటే రంగు పట్టదు. గోరువెచ్చని నీళ్లలో బట్టల సోడా కలిపి తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి, రెండు రోజులు నీడన ఆరనివ్వండి.

రుద్దు: రంగు ఎప్పుడూ వేయని కర్రని ముందు 80 నంబరు, తర్వాత 120 కాగితంతో చార వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు రంగు కింద నుంచి కూడా కనిపిస్తాయి. పాత రంగు ఉంటే పైన చెప్పినట్టు తడి పద్ధతే.

ప్రైమరు: పలచగా, ఒక్క కోటింగు. రాత్రంతా ఆరాలి. కోళ్ల అడుగు భాగాలకి మాత్రం రెండు మూడుసార్లు పట్టించండి. కర్ర నేలలోని చెమ్మని పీల్చేది అక్కడ్నుంచే. అందరం పైన మెరిపించి అడుగు వదిలేస్తాం, మంచం అక్కడ్నుంచే పుచ్చుతుంది.

లప్పం: ప్రైమరు ఆరాకే చిల్లులకీ, చీలికలకీ లప్పం పెట్టండి. ముందే పెడితే పొడి కర్ర లప్పంలోని నూనె లాగేసి ముక్కలుగా రాలిపోతుంది. ఆరాక రుద్ది, దుమ్ము తుడవండి.

రంగు: డబ్బా అడుగు దాకా కర్రతో బాగా కలపండి. బ్రష్ మూడో వంతే ముంచి, డబ్బా అంచుకి ఒత్తి తీయండి. మందంగా ఒక్కసారి వేసేకన్నా పలచగా రెండుసార్లు వేయడం మేలు. మొదటి కోటింగు రాత్రంతా ఆరాక, వాటర్ పేపరుతో పైపైన రుద్ది, తుడిచి, రెండోది వేయండి.

తొందరపడొద్దు: మర్నాటికి చేతికి అంటకపోయినా రంగు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. వారం రోజులు ఆగి నవారు అల్లండి. ముందే అల్లితే నవారు అచ్చు పడి అంటుకుపోతుంది. వాసన పోయేదాకా పసిపిల్లల్ని పడుకోబెట్టొద్దు.

పాత ఇళ్లలో మంచం కోళ్ల కింద రాతి గిన్నెలు పెట్టేవారు. చీమలు ఎక్కకుండా, చెమ్మ తగలకుండా. ఇప్పుడు పాత సైకిలు టైరు ముక్కలు గుండ్రంగా కోసి పెట్టినా అదే పని చేస్తాయి.

ఇనప సామానుకి వేరే పద్ధతి

సముద్రం గాలి తగిలే ఊళ్లలో ట్రంకు పెట్టె, ఇనప బీరువా, మడత మంచం త్వరగా తుప్పు పడతాయి. ఇనుప తీగల బ్రష్‌తో వదులు తుప్పు తీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. పాత రంగు ఉన్న చోట ఇక్కడా తడి పద్ధతే. ఆ రోజే రెడాక్సైడ్ ప్రైమరు వేయాలి, రాత్రంతా వదిలేస్తే మళ్లీ తుప్పు లేస్తుంది. ఒకప్పుడు ఇనుముకి వాడిన సింధూరం ప్రైమరు సీసమే, రెడాక్సైడ్ వేరు. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి పేరు చదివి కొనండి.

మిగిలిన టర్పెంటు, బ్రష్ కడిగిన నీళ్లు పంట కాలవలో, చేపల చెరువులో పారబోయొద్దు. టర్పెంటు సీసాలో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేట తీసి మళ్లీ వాడుకోవచ్చు. డబ్బాలో మిగిలిన రంగు మూత గట్టిగా బిగించి, పిల్లలకీ పశువులకీ అందని చోట పెట్టండి. ఖాళీ అయిన డబ్బాని దాణాకి, కుడితికి వాడకండి.

ఈసారి దాళ్వా కోతలయ్యాక ఆ బండి మీ వీధిలోకి వస్తే ఆగమనండి, తొందరేం లేదు. ముందు మంచాన్ని బోర్లించి చూడండి. పట్టె గట్టిగా ఉంటే, కర్ర మంచిదైతే బండివాణ్ణి పంపించేసి, ఉప్పు కాగితాలకి బజారుకి వెళ్లండి. తాత కొన్న మంచం మీద మనవడు పడుకోవచ్చు. పాత రంగు పొడి మాత్రం వాడి నోట్లో పడకుండా చూసుకోండి.